ముందే ఉడికించిన ఆకు

ఆ బడిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పిల్లలు ల్యాబక్క అనేవాళ్లు. వాళ్ల నోట విని విని టీచర్లూ అలాగే పిలిచేవాళ్లు. పదహారేళ్లుగా ఆమె పని సైన్సు పాఠానికి ముందు మొదలై, పాఠం అయ్యాక మళ్లీ మొదలయ్యేది. పాఠం జరిగే నలభై అయిదు నిమిషాలూ గోడకు ఆనుకుని నిలబడేది. మాస్టారు చెయ్యి చాపితే పరీక్షనాళిక అందించాలి, దించితే అందుకోవాలి. అంతకు మించి ఆ గదిలో ఆమెకు పాత్ర లేదు.

కానీ ఆ గదిలో రంగులన్నీ ఆమె చేతి మీదుగా వచ్చేవే. ఏ సీసాలో మందు పాతబడింది, ఏ సీసాలో నీళ్లు కలిశాయి, ఏ సూక్ష్మదర్శినికి స్క్రూ వదులు, అన్నీ ఆమెకే తెలుసు. ప్రయోగం రోజు పొద్దున మాస్టారు తలుపు దగ్గర నుంచే కేకేసేవారు: "ల్యాబక్కా, ఇవాళ రంగు రావాలి!" వచ్చేది. రాకపోతే రప్పించేది.

ఆకులో పిండిపదార్థం ఉందని చూపించే ప్రయోగం ఒకటుంది. ఆకును ఉడికించి, పచ్చదనం పోగొట్టి, అయోడిన్ చుక్కలు వేస్తే నీలం నలుపు రంగులోకి మారాలి. మబ్బు రోజుల్లో మారదు. ఎండ లేకపోతే ఆకు వండుకోదు, వండుకోకపోతే అందులో పిండి ఉండదు. ఆమె చేరిన మొదటి వర్షాకాలంలోనే మాస్టారు కిటుకు నేర్పారు. పల్చటి గంజి, సన్నటి కుంచె. తరగతికి ముందు ఆకు మీద ఒక్క పూత.

"ఇది మోసం కాదా సార్?" అని అడిగింది అప్పుడు.

"ప్రయోగం తప్పితే పిల్లలు పుస్తకాన్ని నమ్మరు. పుస్తకాన్నే నమ్మనివాళ్లు నిన్నూ నన్నూ నమ్ముతారా? పూయి" అన్నారాయన.

పూసింది. ఆ తరవాత ఏటా పూసింది.

టీచరు కావాలని ఆమె చిన్నప్పటి నుంచీ కలలు కన్నదేమీ లేదు. ఒక ఏడాది మాస్టారికి కాలు విరిగి మూడు నెలలు మంచం పట్టారు. బదులు మనిషి దొరకలేదు. "నువ్వు పదకొండేళ్లుగా వింటున్నావు కదమ్మా, కాస్త లాగించు, ఎవరు చూడొచ్చారు" అంది హెడ్మిస్ట్రెస్. ల్యాబక్క మూడు నెలలు లాగించింది. నాలుగో నెల మాస్టారు కర్ర పట్టుకుని వచ్చారు. ఆమె మళ్లీ గోడ దగ్గరికి వెళ్లింది. అన్నేళ్లుగా నిలబడ్డ గోడే అది. ఆ రోజు మాత్రం వీపుకు ఒత్తుకుంది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆ సరికి చెప్పులు విప్పుతున్నాడు.

"నేను టీచర్ ట్రైనింగు చేస్తాను."

"చేసి?"

"పాఠాలు చెప్తాను."

"మరి ఇన్నాళ్లూ నాకు చెప్పినవేంటి?"

నవ్వి లోపలికి వెళ్లిపోయాడు. కాదనలేదు. అతని దగ్గర కాదనకపోవడమే ఒప్పుకోవడం.

అనుకున్నంత తేలిక కాలేదు. ఆమె డిగ్రీ రెండో ఏడాదిలోనే ఆగిపోయింది. అది దూరవిద్యలో పూర్తి చేసేసరికే మూడేళ్లు పట్టింది. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. తరవాత ట్రైనింగు కాలేజీ రెండేళ్లు. ఉద్యోగం వదులుకునే వీలు లేదు కాబట్టి హెడ్మిస్ట్రెస్ ఒక ఏర్పాటు చేసింది. పొద్దున ఏడింటికి బడికి వచ్చి ఆ రోజు ప్రయోగాలకు కావలసినవన్నీ ట్రేలలో సర్ది వెళ్లాలి. సాయంత్రం కాలేజీ అయ్యాక వచ్చి గాజు సామానంతా కడగాలి. "ఇది నోటిమాట ఏర్పాటు. పైనుంచి ఎవరైనా అడిగితే నాకేం తెలీదంటాను" అని ముందే చెప్పింది కూడా.

అలా ల్యాబక్క రోజు నాలుగున్నరకు మొదలయ్యేది. వంట, బస్సు, ట్రేలు, బస్సు, కాలేజీ, బస్సు, కడుగుడు, బస్సు. ఆ రెండేళ్లలో ఆమె చదివిందాంట్లో సగం బస్సుల్లోనే చదివింది. చదువుతూ నిద్రపోయి తలను ముందు సీటు కడ్డీకి కొట్టుకుంటే, కండక్టరు "అమ్మా, మీ తలకాయ వల్ల మా సీటు వంగుతోంది" అనేవాడు.

కాలేజీ మూడో అంతస్తులో ఉండేది. లిఫ్టు ఉండేది గానీ పనిచేసేది కాదు. "మీ లిఫ్టు చూడరాదూ" అంటే, "మా కంపెనీది కాదు" అనేవాడు మొగుడు. తోటి విద్యార్థులందరూ ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల వాళ్లు. వాళ్లు ఆమెను పిన్ని అన్నారు.

"పిన్నీ, ఈ స్లైడు వేరుదా కాండందా?"

"మధ్యలో చూడు. నక్షత్రంలా ఉంటే వేరు."

"మీకు చూడగానే ఎలా తెలుస్తుంది?"

"తుడిచినదాన్ని కాబట్టి."

వాళ్లకు తెలియనివన్నీ ఆమెకు తెలుసు. ఆమెకు రానిది ఒకటే, పదిమంది ముందు గొంతు విప్పడం. బదులు పాఠాలు చెప్పిన మూడు నెలలూ ఆ పిల్లలు ఎరిగినవాళ్లు, వెనక బెంచీలో కూర్చుని పెన్ను పట్టుకుని చూసేవాళ్లు లేరు. ఇక్కడ ఉన్నారు. చదువు చివర్లో కొత్త బడికి వెళ్లి, ఇద్దరు పరీక్షకుల ముందు, ముక్కూమొహం తెలియని పిల్లలకు పాఠం చెప్పాలి. నూటికి యాభై వస్తేనే పట్టా. ఆ పరీక్ష రెండుసార్లే రాయనిస్తారు. రెండోసారీ తప్పితే ఆ రెండేళ్లూ గంగలో పోసినట్టే.

మొదటిసారి ఆమెకు నలభై మూడు వచ్చాయి. పాఠం మొత్తం బోర్డు వైపు తిరిగి చెప్పింది. పరీక్ష కాగితం మీద ఇలా రాశారు: "గొంతు మూడో బెంచీ దాటలేదు. తరగతిలో సహాయకురాలిలా నిలబడ్డారు, ఉపాధ్యాయురాలిలా కాదు." ఆ కాగితం ఆమె ఎవరికీ చూపించలేదు. పదో తరగతి చదివే కూతురు సంచి వెతికి చదివేసింది.

"వాడెవడమ్మా, నిన్ను చూసినవాడే" అంది. ఓదార్పో ఎత్తిపొడుపో ఆమెకు తెలియలేదు.

రెండోసారికి కూతురే ఆమెకు పరీక్షకురాలైంది. వంటగది తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, "వినపళ్లేదు!", "అటు తిరగకు!", "చేతులు వెనక్కి పెట్టకు, దొంగతనం చేసినట్టుంది!" అని అరిచేది. ల్యాబక్క కూరగాయలు తరుగుతూ గట్టిగా పాఠం చెప్పేది. పక్కింటివాళ్లకు కిరణజన్య సంయోగక్రియ కంఠతా వచ్చేసింది.

పాఠం అదే. ఆకు ఆహారం తయారుచేసుకోవడానికి వెలుతురు కావాలని నిరూపించడం. కుండీలో మొక్కను రెండు రోజులు చీకట్లో పెడితే ఆకుల్లో పిండి అంతా ఖర్చయిపోతుంది. తరవాత ఒక ఆకు మధ్యన నల్ల కాగితం పట్టీలా బిగించి వెలుతురులో ఉంచాలి. అయోడిన్ వేస్తే ఆకంతా నల్లబడి, కాగితం కింద భాగం మాత్రం నల్లబడకుండా ఉండాలి. ఆ పట్టీయే పాఠం.

పరీక్షకు ఆమెకు కేటాయించిన బడి ఊరి అవతలి కొసన ఉంది. అక్కడి ల్యాబు చూసేది రిటైరవడానికి ఏడాది దూరంలో ఉన్న పెద్దావిడ. ల్యాబక్క సోమవారం కుండీ తీసుకుని వెళ్లి, అక్కడి బీకరు ఒకటి కడిగి వెలుతురుకు పట్టుకుని చూసింది. గాజు శుభ్రంగా ఉంటే నీళ్లు పొరలా జారతాయి, మురికి ఉంటే బొట్లుగా నిలబడతాయి. పెద్దావిడ ఆ చూపు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నువ్వు మనదానివే!"

"పదహారేళ్లు."

"నాది ముప్పై ఒకటి. అయితే నువ్వు నాకు వదినవే. కూర్చో, కూర్చో. ఆ కుండీ ఇటియ్యి, బీరువాలో పెడతా. తాళం నా దగ్గరే ఉంటుంది, చీమ కూడా దూరదు."

మొక్క మాట నిలబెట్టుకుంది. ఆకాశం నిలబెట్టుకోలేదు. మంగళవారం నుంచే ముసురు. బుధవారం పాఠం. ఆ పొద్దున ఎనిమిదింటికి ల్యాబక్క కుండీని డాబా మీద పెట్టి, రెండు ఆకులకు నల్ల కాగితం బిగించి, తల పైకెత్తి చూసింది. సూర్యుడున్న చోట మాసిన గుడ్డ ఆరేసినట్టుంది.

"ఈ వెలుతురుకి ఆకులో ఏం వండుతుంది వదినా? పొయ్యే వెలగలేదు" అంది పెద్దావిడ.

"ఎంత వస్తే అంతే."

"మీ బడిలో ఏం చేస్తారు ఇలాంటప్పుడు?"

ల్యాబక్క ఆమె వంక చూసింది. ఇద్దరికీ తెలుసు. "ఇవాళ వద్దు" అంది. రాత్రి సరిగ్గా నిద్ర లేదు, గొంతు బొంగురుగా వచ్చింది. పెద్దావిడ ఆ మాటను మొహమాటం అనుకుంది.

నలభై అయిదు నిమిషాల్లో ఆకును మొదటి నుంచీ ఉడికించి చూపించడం కుదరదు కాబట్టి, అందరూ ఒక ఆకును ముందే సిద్ధం చేసి పెట్టుకుంటారు. అది తప్పు కాదు, నియమాల్లోనే ఉంది. రెండో ఆకు కాగితంతో సహా మొక్కకే ఉంటుంది, పిల్లలకు చూపించడానికి. ఒంటిగంటకు ల్యాబక్క ఒక ఆకు తుంచి, నీళ్లలో ఉడికించి, స్పిరిట్‌లో పచ్చదనం పోగొట్టి, గాజు పళ్లెంలో పెట్టి మూత వేసింది. లెసన్ ప్లాన్ మీద, పరీక్షకురాలిగా వచ్చిన ట్రైనింగు కాలేజీ మేడం సంతకం తీసుకోవాలని కింద అంతస్తుకు వెళ్లింది. పది నిమిషాల్లో వచ్చి, పళ్లెం ఎలా ఉందో అలాగే ట్రేలో పెట్టుకుని తరగతికి పోయింది.

రెండుంబావుకు ఎనిమిదో తరగతి. నలభై నాలుగు మంది. వెనక బెంచీలో కాలేజీ మేడం, ఆమె పక్కన బయటినుంచి వచ్చిన పరీక్షకుడు. బట్టతల, గుండ్రటి కళ్లద్దాలు, ఒళ్లో తడి గొడుగు. రెండు బస్సులు మారి వచ్చినాయన, అది మొహంలోనే కనిపిస్తోంది.

మొదటి ఇరవై నిమిషాలు బాగా జరిగాయి. ల్యాబక్క గొంతు వెనక బెంచీకి చేరింది. కుండీ చూపించింది, కాగితం ఎందుకో పిల్లల చేతే చెప్పించింది. "ఇప్పుడు ఈ ఆకు మీద అయోడిన్ వేస్తే ఎక్కడ నల్లబడుతుంది?" అంది. "కాగితం లేని చోట!" అని తరగతంతా అరిచింది. కాలేజీ మేడం కాగితం మీద ఏదో రాసుకుని తల ఊపింది.

ల్యాబక్క పళ్లెం మూత తీసి, చుక్కలు వేసింది.

ఆకు నల్లబడింది. మొత్తం. అంచు నుంచి అంచు దాకా, పట్టీ ఉండాల్సిన చోటుతో సహా, సిరా ఒలికినట్టు.

ముందు బెంచీలో రెండు జడల అమ్మాయి మెడ చాచి చూసింది.

"టీచర్, కాగితం కిందా వచ్చేసింది."

"అయితే వెలుతురు అక్కర్లేదన్నమాట!" అన్నాడు వెనక నుంచి ఎవడో. నవ్వులు.

ల్యాబక్కకు ఆకు చూడగానే అర్థమైపోయింది. ఆకు సొంత పిండి మెల్లగా, మచ్చలు మచ్చలుగా రంగు తిరుగుతుంది. ఇది రెప్పపాటులో తిరిగింది. పైగా ఈనెల మీదుగా అడ్డంగా సన్నటి చారలున్నాయి. కుంచె చారలు. అవి ఎలా పడతాయో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఊళ్లో ఇద్దరే ఉంటారు, ఒకరు ఇదే బడిలో ఉన్నారు. ఆ బడిలో ఎప్పుడూ మామూలు ఆకు ప్రయోగమే చేస్తారు, నల్ల కాగితంతో పని లేదు. పెద్దావిడ పట్టీ సంగతి పట్టించుకోకుండా, అలవాటుగా, ఆకంతా పూసేసింది. తను కింద ఉన్న పది నిమిషాల్లో.

ల్యాబక్క తల ఎత్తింది. వెనక బెంచీలో కాలేజీ మేడం రెండు వేళ్లతో సైగ చేస్తోంది, పెదవులు కదుపుతోంది: కాగితం, కాగితం.

కాగితం జారింది అనమని. కాగితం జారితే వెలుతురు లోపలికి పోతుంది, ఆకు నల్లబడుతుంది. లెసన్ ప్లాన్‌లో "జరగగల పొరపాట్లు" అన్న గడిలో మొదటి వాక్యం అదే. ఒక్క మాట అనేసి, పుస్తకంలో బొమ్మ చూపించి, బోర్డు మీద నిర్ధారణ రాసేస్తే పాఠం అయిపోతుంది. డెబ్భై మార్కులకు తక్కువ రావు.

ఆమె నోరు తెరిచింది కూడా. కానీ కాగితం జారలేదు. దాన్ని ఆమే బిగించింది, ఆమే విప్పింది. జారిందని చెప్తే రెండు జడల పిల్ల ఎలా జారింది అని అడుగుతుంది, దానికి ఇంకోటి చెప్పాలి, అది నిలబడటానికి మరోటి. నీతి నియమం అని ఆమె ఏమీ అనుకోలేదు. ఆ మధ్యాహ్నం ఆమెకు ఒక్క అబద్ధాన్ని మోసే ఓపిక కూడా లేదు, అంతే.

"ఈ ఆకు పనికిరాదు" అంది. "దీని మీద బయటినుంచి పిండి అంటింది. నల్లబడింది ఆ పిండి, ఆకు కాదు. ఇది మనకేమీ చెప్పదు."

"మరెలా టీచర్?"

"ఇంకో ఆకుంది కదా. మీ ముందే ఉడికిద్దాం."

గోడ గడియారంలో ఇరవై మూడు నిమిషాలు మిగిలాయి. పరీక్షకుడు గడియారం చూశాడు, ఆమెను చూశాడు, పెన్ను మూత పెట్టాడు.

తరవాత ఆమె చేసింది లెసన్ ప్లాన్‌లో ఎక్కడా లేదు. రెండు జడల అమ్మాయితో ఆకు తుంచించింది, కాగితం బిగుతుగా ఉందో లేదో ఆ పిల్ల చేతే చూపించి విప్పించింది. దీపం వెలిగించింది. ఆకు నీళ్లలో రెండు నిమిషాలు. నీళ్లు మరిగాక దీపం ఆర్పేసి, ఆ వేడినీళ్లలోనే స్పిరిట్ నాళికను నిలబెట్టింది.

"దీపం ఎందుకార్పారు టీచర్?"

"స్పిరిట్‌కు మంటంటే మహా ప్రేమ. రెండూ కలిస్తే మన కనుబొమ్మలు మిగలవు."

నవ్వారు. ఈసారి ఆమెతో కలిసి నవ్వారు. నాళికలో స్పిరిట్ మెల్లగా పచ్చబడుతుంటే తరగతి బల్ల చుట్టూ మూగింది. ఎవరూ గొడవ చేయలేదు. ఆమె మాట్లాడుతూనే ఉంది. ఎప్పుడు ఆకు పెళుసుగా అవుతుంది, దాన్ని ఎందుకు గోరువెచ్చని నీళ్లలో ముంచి తీయాలి, ఇవాళ ముసురు కాబట్టి ఏం జరగొచ్చు. గొంతు ఎక్కడిదాకా వెళ్తోందని ఆలోచించలేదు. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి.

అయోడిన్ పడింది. ఒక నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషంలో అంచుల దగ్గర, అక్కడక్కడ, దుమ్ము పేరుకున్నట్టు బూడిదరంగు తేలింది. మధ్యన పట్టీ గోధుమరంగులోనే ఉండిపోయింది. తేడా ఉంది. కష్టపడి చూస్తే ఉంది.

గంట కొట్టారు.

బోర్డు మీద "పరిశీలన" అన్న మాట, దాని కింద "నిర్ధారణ" అన్న మాట, మధ్యలో ఖాళీ. పిల్లలు సంచులు సర్దుకున్నారు. పాఠం పూర్తి కాలేదు.

స్టాఫు గదిలో కాలేజీ మేడం కుర్చీలో కూలబడింది.

"కాగితం జారిందని ఒక్క మాట అంటే పోయేది కదమ్మా! నేను అంత మొత్తుకుంటుంటే చూశారు కదా?"

"చూశాను మేడం."

"మీకిది రెండోసారి. తెలుసా అసలు?"

"తెలుసు మేడం."

పరీక్షకుడు గొడుగును కిటికీకి తగిలించి, నియమాల పుస్తకం తీశాడు. "పరికరాల లోపం వల్ల పాఠం ఆగితే అదే వారంలో పూర్తి చేయించవచ్చు. మార్కులు యాభై దాటకూడదు. అభ్యర్థి అజాగ్రత్త వల్ల ఆగితే తప్పినట్టు." కళ్లద్దాల పైనుంచి చూశాడు. "ఇప్పుడు చెప్పండి. లోపమా, అజాగ్రత్తా? ఆ పిండి ఆకు మీదకెలా వచ్చింది?"

ల్యాబక్కకు ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు గుర్తొచ్చింది. ఇంకో ఏడాదే మిగిలింది. పేరు చెప్తే ఈయన హెడ్మాస్టరుకు కాగితం రాస్తాడు, పెద్దావిడకు మెమో వస్తుంది. పేరు చెప్పకుండా నేనే చూసుకోలేదంటే, అజాగ్రత్త.

"సాయం చేయాలని చేశారు సార్. నేను అడగలేదు. ఎవరో చెప్పను."

"చెప్పకపోతే మీకే నష్టం."

"అవును సార్."

ఆయన నియమాల పుస్తకం మూశాడు. "గంజేనా?" అన్నాడు.

"గంజే సార్."

"మా రోజుల్లో మైదా" అన్నాడు. కాలేజీ మేడం ఉలిక్కిపడి ఆయన వంక చూసింది. ఆయన ఆ సంగతి అక్కడితో వదిలేసి, కాగితం మీద రాశాడు: "సరఫరా అయిన ఆకు ప్రయోగానికి పనికిరానిది." పెన్ను మూత పెడుతూ విసుక్కున్నాడు. "శుక్రవారం మళ్లీ రావాలి. నాలుగు బస్సులు, పోనూ రానూ. మీరు నిజం చెప్పడం నా మోకాళ్ల మీదికొచ్చిందమ్మా."

ల్యాబులో పెద్దావిడ ఎదురు చూస్తోంది. సంగతి అప్పటికే పిల్లలు మోసేశారు.

"చంపేశానా వదినా?"

"సగమే."

"నీ మంచి కోసమే. నా కళ్ల ముందు పాఠం పాడవుతుంటే చెయ్యి ఊరుకోలేదు. ఆ నల్ల కాగితం గొడవ నాకేం తెలుసు?"

"తెలుసు వదినా. అందుకే కోపం కూడా రావట్లేదు. వస్తే బాగుండు."

పెద్దావిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, పళ్లేలన్నీ తనే కడుగుతానంది. ల్యాబక్క వినలేదు. పక్కన నిలబడి తనూ కడిగింది. తరవాత బస్సెక్కి తన బడికి వెళ్లి, అక్కడివీ కడిగింది.

శుక్రవారానికి వాన వెలిసింది. పరీక్షకుడు గొడుగు లేకుండానే వచ్చాడు, మొహం మాత్రం అదే. ఎండొచ్చింది కదా, తాజా ఆకుతో మళ్లీ చేసి చూపించమంది కాలేజీ మేడం. బాగా నల్లబడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. ల్యాబక్క వద్దంది. పిల్లలు చూసింది బుధవారం ఆకు, రాయాల్సింది దాని గురించే. దాన్ని నీళ్లలో భద్రపరిచి ఉంచింది. రెండు రోజుల్లో ఆ కాస్త రంగూ ఇంకా వెలిసింది.

"ఏం చూశారు?" అని అడిగింది. "పుస్తకంలో ఉన్నది వద్దు. చూసింది చెప్పండి."

"నల్లగా రాలేదు టీచర్. మాసిపోయినట్టు వచ్చింది" అంది రెండు జడల అమ్మాయి.

ల్యాబక్క ఆ మాటనే బోర్డు మీద రాసింది. మాసిపోయినట్టు.

"మధ్యలో అదీ లేదు" అన్నాడు వెనక బెంచీవాడు.

అదీ రాసింది. కాగితం లేని చోట ఎందుకంత తక్కువ వచ్చిందో చెప్పడానికి పది చేతులు లేచాయి. మబ్బు అన్నారు, ముసురు అన్నారు, అయోడిన్ పాతదై ఉంటుందన్నాడు ఒకడు. అది కూడా కావచ్చు అంది ఆమె. ఎలా తేల్చుకోవాలో వాళ్లనే అడిగింది. తేల్చుకోవడానికి ఎండలో ఇంకో మొక్క పెట్టాలని వాళ్లే చెప్పారు. నిర్ధారణ కింద రెండు వాక్యాలు రాసింది. గంట కొట్టడానికి ఆరు నిమిషాలు మిగిలాయి. పరీక్షకుడు అప్పటికే సంతకం పెట్టి బస్సు వేళలు చూసుకుంటున్నాడు.

యాభై వచ్చాయి. నియమం ప్రకారం అంతకు మించి రాకూడదు. ఉద్యోగాల జాబితా మార్కుల వరసలో వేస్తారు. యాభై అంటే జాబితా అడుగున ఉంటుంది. పిలుపు రావడానికి రెండేళ్లు పట్టొచ్చు, నాలుగూ పట్టొచ్చు. అప్పటిదాకా ట్రేలు సర్దడమే. కాలేజీ మేడం ఇదంతా మెట్ల మీద నిలబెట్టి వివరంగా చెప్పింది. ల్యాబక్క విని, థ్యాంక్స్ చెప్పి, మూడంతస్తులు దిగింది.

ఇంట్లో కూతురు తలుపు తీస్తూనే అడిగింది.

"పాసా?"

"పాస్."

"ఎంత?"

"యాభై."

"యాభయ్యా! యాభై అంటే ఏంటమ్మా?"

"యాభై అంటే పాస్."

మొగుడు స్నానం చేసి వచ్చి, ఎదురుగా కూర్చుని, విషయం మొత్తం చెప్పమన్నాడు. ఆమె మొదలుపెట్టింది. ముసురు, పెద్దావిడ, గంజి దాకా చెప్పింది. "ఆ తర్వాత?" అన్నాడు. చూస్తే ఆమె కుర్చీలోనే, తల గోడకు ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. కూతురు లేపబోతే చేత్తో వారించాడు.

మర్నాడు సెలవు. ల్యాబక్క ఎనిమిదిన్నర దాకా లేవలేదు.